బియ్యపు గింజంత బంక

మేడ్చల్ బస్టాండుకు ఎదురుగ, సైకిల్ షాపు మీది రూముల టైపు నేర్పిన సారు పోయిన్రు.

మంగళవారం పొద్దున సూరారం ఫ్యాక్టరీల డ్యూటీ దిగి వచ్చి, ఎప్పటి తీరుగ ఆయనతోని ఛాయ్ తాగుదామని మెట్ల కాడికి పోయిన. మెట్ల కింద చెప్పులు కుప్పవడి ఉన్నయి. పాన్ డబ్బా ఆయన నన్ను చూసి డబ్బాల నుంచి కిందికి దిగిండు. గిరాకీ నిలబడి ఉన్నా దిగని మనిషి.

"అన్నా, నీ సారు పోయిండే. పొద్దుగాల లేచి మొఖం కడుక్కొని కుర్చీల కూసున్నడట. అంతే."

"కుర్చీలనా?"

"కుర్చీలనే. చేతిల ఎవలిదో కాయితం, ఎర్ర పెన్ను. అమ్మ ఛాయ్ తెచ్చి పిలిస్తె పలుకలేదట."

అమ్మ అంటే సారు భార్య. మేమందరం ఆమెను అట్లనే పిలుస్తం. పెన్ను మూత తీసే ఉన్నదని, ఆరిపోతదని తనే మూత పెట్టిన అని ఆమె తర్వాత నాతోని చెప్పింది.

ఆయన పోయినట్టు ఏ పేపర్లా రాలేదు. ఇదే నెలల ఒక పెద్ద ప్రొఫెసరు రిటైరైతే మాత్రం ఫొటో పడ్డది. మెడల దండలు, భుజాల మీద శాలువలు. ఆయన చేతి కింద ఎంతమంది డాక్టరేట్లు అయ్యిన్రో కింద లెక్క వేసిన్రు. ఆయన చేతి కింద ఎంతమంది నడుమల కూలవడ్డరో ఆ లెక్క ఏ పేపరోడు వెయ్యడు. ఆ లెక్క మా సారు ట్రంకు పెట్టెల ఉండేది. ఆ ప్రొఫెసరు ఈ కథల మళ్ళ వస్తడు. జర ఓపిక పట్టండి.

మా భజన మండలి పత్రిక చదివే అయ్యలారా, అమ్మలారా, నేను చదివింది అయిదో తరగతి. మిగిలిందంత మా అవ్వ ఇచ్చిన ఇతిహాస పుస్తకం ముందట పెట్టుకొని, అక్షరం అక్షరం కూడబలుక్కొని నేర్చుకున్న. గుడి ముంగట, పెండ్లి పందిట్ల, చావింట్ల, ఎక్కడ నలుగురు కూసుంటె అక్కడ ఆ పుస్తకం ఎత్తి పట్టి మాట్లాడుత. పెద్ద చదువులంటే నాకు పడదు. ఎందుకు పడదో సారు షాపులనే నేర్చుకున్న.

ఆ షాపు తొంభైలల్ల ఎట్లుండేదో ఇప్పటి పిల్లలకు తెల్వదు. ముందు రూముల ఆరు టైపు మిషన్లు, వెనక రూముల సంసారం. పొద్దున పిల్లలు లోయర్, హయ్యర్ పరీక్షలకు టకటక కొట్టేది. పదకొండు దాటినంక పిల్లలు పోయేది, పీహెచ్‌డీ వాళ్ళు వచ్చేది. పీహెచ్‌డీ అంటే ఎమ్మే, ఎమ్మెస్సీ అయినంక చేసే ఇంకో పెద్ద చదువు. ఒక్క సంగతి పట్టుకొని ఏండ్ల తరబడి శోధించి పుస్తకమంత రాయాలె. దాన్ని థీసిస్ అంటరు. నెత్తి మీద గైడు అని ఒక గురువు ఉంటడు. ఆయన సంతకం పెడితేనే థీసిస్ యూనివర్సిటీ గడప దాటుతది. పెట్టకపోతే దాటదు. ఆయనను ఎందుకు పెట్టలేదని అడిగేటోడు ఈ భూమి మీద లేడు.

సిటీల ఎన్నో టైపు షాపులుండంగ వాళ్ళు మేడ్చల్ దాక బస్సుల ఊగుకుంట ఎందుకొస్తరని నేను మొదట్ల అనుకున్న. సారు చదువు ఇంటరే. కని టైపు కొట్టే ముందు ప్రతి కాయితం చివరిదాక చదివేవారు. చేతులు కడుక్కొని, తుడుచుకొని, మెల్లగ పెదవులు కదుపుకుంట చదివేవారు. నత్తల మీద రాసిందైనా, కాకతీయుల శాసనాల మీద రాసిందైనా, జొన్నకు వచ్చే తెగులు మీద రాసిందైనా సరే. అర్థం కాకపోతే రాసినోన్నే అడిగేవారు. "బాబూ, ముప్పయ్యో పేజీల వాన తక్కువ వడ్డదన్నవు. నలభైల ఎక్కువ వడ్డదన్నవు. ఏది నిజం?" ఆ బాబు చెమటలు తుడుచుకునేవాడు. అట్ల ఎన్ని థీసిస్‌లు సక్కగైనయో. ఒక్కదాంట్ల కూడా ఆయన పేరు లేదు.

ఆయనకు ఒక నియమం ఉండేది. 'కృతజ్ఞతలు' అని ఒక పేజీ ఉంటది గదా, గైడుకు, తల్లిదండ్రులకు దండాలు పెట్టే పేజీ. అది అన్నిటి కంటె ఆఖర్న కొట్టేవారు. కొందరు అదే ముందు రాసుకొచ్చేటోళ్ళు. సారు తీసుకోకపోయేవారు. "ఇది దాచిపెట్టు. చివరి అధ్యాయం పట్టుకొచ్చిన నాడు అడుగుత" అనేవారు. ఆ పేజీ ముందు తెచ్చినోళ్ళల్ల పూర్తి చేసినోన్ని తను చూడలేదని నాతోని అన్నరు.

సారుకు నేను పరిచయమైంది పుస్తకం వల్లనే. మా అవ్వ పుస్తకం వెన్ను విరిగి, కాయితాలు ఊడి చేతికొచ్చినయి. సారు బైండింగు కూడా చేస్తరంటె తీసుకపోయిన. మైదా ఉడికించి, పురుగు పట్టకుండ ఇంత మైలుతుత్తం కలిపి, ఆయనే బంక తయారు చేసేవారు. కాయితాలు సాపు చేయనీకి, అంటుకున్నవి విప్పనీకి ఒక పలుచని ఇనుప రేకు ఉండేది. కింది సైకిల్ షాపాయన అరగదీసి ఇచ్చిండు. దానికి పిడి తీరుగ ఎర్ర దారం చుట్టి ఉండేది.

నేను పోయిన నాడు అక్కడ నలుగురు పీహెచ్‌డీ పిల్లలు కూసొని గైడు సంగతులే మాట్లాడుతున్నరు. ఒకడు గైడు ఇంటికి గ్యాస్ బండ మోసిండట. ఇంకొకడు గైడు బిడ్డకు రోజు సాయంత్రం లెక్కలు చెప్తడట. కరెంటు బిల్లు లైను ఇంకొకనిది. "ఇది దేని మీద పరిశోధన రా?" అని నేనడిగితె నవ్విన్రు. ఆ నవ్వు చూసి నాకు మండింది. పుస్తకం బల్ల మీద పెట్టి తెల్లజడ కథ చెప్పిన.

ఇతిహాసంల ఒక శిష్యుడున్నడు. తోటి శిష్యులందరు చదువు ముగించుకొని ఇండ్లకు పోయిన్రు. ఈయన సేవ మంచిగున్నదని గురువు ఈయనను మాత్రం పొమ్మనడు. కట్టెలు కొట్టుకొస్తడు, నీళ్ళు మోస్తడు. ఏండ్లు గడుస్తున్న సోయి లేదు. ఒకనాడు కట్టెల మోపు దించంగ, జడ ఒకటి కట్టెకు చిక్కుకున్నది. చూస్తె వెండి తీగె లెక్క తెల్లగున్నది. ముసలోన్నైపోయిన అని అప్పుడు ఎరుకై ఏడ్చిండు. "గురువు చూసిండు. చూసి, చూడనట్టు లోపలికి పోయిండు" అని చెప్పి ఆపిన. నేను ఎక్కడ చెప్పినా అక్కడనే ఆపుత. ఆ మాట కాడ జనం ఊపిరి బిగవడుతరు.

ఆ నలుగురు పిల్లలు నవ్వుడు ఆపిన్రు. వాళ్ళల్ల ఒకడు చెయ్యి ఎత్తి తల తడుముకున్నడు.

వారం తర్వాత పుస్తకం ఎర్ర గుడ్డ అట్టతోని, కొత్త పెండ్లికొడుకు లెక్క వచ్చింది. సారు నా చేతిల పెట్టుకుంట అడిగిన్రు. "ఆ తెల్లజడ కథ ఇండ్ల చదివినవా తమ్మీ?"

"చదువుడేంది సార్, కంఠతా వస్తది. మా అవ్వ ఒడిల విన్న."

"అట్లనా. మంచిది."

అప్పటి నుంచి సారు మా శనివారం భజనకు రావట్టిన్రు. ముందు వరుసల కూసునేవారు. అయిపోయినంక "ఏదీ, పుస్తకం ఇటియ్యి" అని తీసుకొని, బొటనవేలు అంచు పొడుగు నడిపించి, "మంచిగనే ఉన్నది" అని తిరిగిచ్చేవారు. తన బైండింగు ఊడిందో లేదో చూసుకుంటున్నరనుకున్న. పనిమంతుల రంది అట్లనే ఉంటది గదా.

ఆయన మంచం కింద రేకు ట్రంకు పెట్టె ఉండేది. టైపు కొట్టిచ్చి మళ్ళ రానోళ్ళ అధ్యాయాలు, గైడుల కాడ మూలిగి తిరిగొచ్చిన డ్రాఫ్టులు అండ్ల ఉండేవి. ఎక్కువ మొదటి అధ్యాయాలే. అమ్మ వాటిని చూసినప్పుడల్ల "పొయ్యికన్న పనికొస్తయి" అని గొణిగేది. సారు ఇయ్యకపోయేవారు. "వస్తరు. పెండ్లి చేసుకొనో, నౌకరీ దొరికో ఆగిన్రు. వస్తరు." ఎవరు రాలేదు.

"అసలు ఎవరు పూర్తి చేస్తరు సార్ దీన్ని? తెలివిగలోళ్ళా?" అని ఒకనాడు అడిగిన.

"తెలివి మొదటి అధ్యాయానికే సరిపోతది తమ్మీ. తర్వాతంత ఇంట్ల పొయ్యి ఎవరు ముట్టిస్తున్నరన్నదే."

ఆ మాటకు ఒక సాక్ష్యం చెప్పిన్రు. మొగడు పెండ్లాం ఇద్దరు ఒక్కనాడే పీహెచ్‌డీల చేరిన్రు. ఇద్దరి మొదటి అధ్యాయాలు సారే కొట్టిన్రు. మొగనిది పూర్తయింది. పెండ్లాంది ట్రంకు పెట్టెల ఉన్నది. మొగని కృతజ్ఞతల పేజీల అందరి కంటె కింద ఆమెకు ఒక్క లైను ఉన్నది, ఓపిక పట్టినందుకు అని. "ఆమెది మంచి అధ్యాయం. మార్చనీకి ఒక్క మాట దొరకలేదు. అతనిది సగం నేనే సక్కజేసిన" అన్నరు సారు. ఇప్పుడు ఆ మహానుభావుడు పేరు ముందల డాక్టర్ అని రాసుకొని తిరుగుతున్నడు. రాసుకోనీ. ఆ పేరు ముందల ఉన్నది ఎవరి వంటో నాకు తెల్సు.

మామ పైరవీ ఉన్నోడు పూర్తి చేసిండు. నౌకరీల ఉండి ప్రమోషన్ కోసం చేసినోడు పూర్తి చేసిండు. గైడు ఇంట్ల గృహప్రవేశానికి వారం రోజులు ముందే పోయి పందిరి కట్టించినోడు పూర్తి చేసిండు. సర్కారు ఇచ్చే స్కాలర్‌షిప్ ఆగిపోంగనే ఊరికి బస్సెక్కినోడు పూర్తి చేయలేదు. వానికి తెలివి తక్కువని మాత్రం ఎవడన్న అంటె నా ముందట అనొద్దు. వాని అధ్యాయం సారు నాకు చదివి వినిపిచ్చిన్రు.

ఇగ ఒక పిల్ల సంగతి. శామీర్‌పేట చెరువు మీద వల వేసి బతికేటోళ్ళ బిడ్డ. నాయిన చిన్నప్పుడే పోయిండు. తల్లి గంపల చేపలు పెట్టుకొని మేడ్చల్ దాక అమ్మొస్తది. పిల్ల ఎమ్మెస్సీ చదివి, ఆ చెరువుల ఏ చేప ఎందుకు తగ్గుతున్నదని పీహెచ్‌డీల రాసింది. పుస్తకాలల్ల చూసి రాయలేదు. అయిదేండ్లు తెల్లారంగ వలల కాడ నిలబడి, పడ్డ చేప పడ్డట్టు కొలిచి రాసింది. సారు అది చదివి రెండు రోజులు వేరే పని ముట్టలేదు. "ఈ పిల్లకు చెరువు నోరిప్పి చెప్పింది" అన్నరు.

దాన్ని గైడు ఎనిమిది నెలలు బీరువాల పెట్టుకున్నడు. శాలువల ప్రొఫెసరు ఆయనే. మూడుసార్లు వాపసు పంపిండు. మూడుసార్లు ఒక్కటే మాట, "మూడో అధ్యాయం బలంగ లేదు. మళ్ళ రాయి." ఏది బలంగ లేదో చెప్పడు. మూడోసారి పంపేసరికి పిల్ల గడువు ఇంక పన్నెండు రోజులున్నది. అది దాటితే రిజిస్ట్రేషన్ కొట్టేస్తరు. అయిదేండ్ల పొద్దుగాలలన్ని నీళ్ళపాలు. పిల్ల డ్రాఫ్టు బల్ల మీద పెట్టి, "ఇది కూడ మీ పెట్టెల వెయ్యండి సార్" అన్నది. ఏడువలేదు. ఏడిస్తె బాగుండునని నాకు అనిపిచ్చింది.

సారు డ్రాఫ్టు తీసుకొని అంచు తడిమిన్రు. నడుమల ఒక కాడ ఆగిన్రు. లేచి తలుపు దగ్గరికేసి, నన్ను, ఆ పిల్లను దగ్గరికి పిలిచిన్రు.

"చూడండి."

అరవై ఒకటో కాయితం, అరవై రెండో కాయితం ఒకదానికొకటి అతుక్కొని ఉన్నయి. అంచు కాడ చిన్న చుక్క, బియ్యపు గింజంత బంక.

"నేనే పెడుత" అన్నరు సారు. "ఏండ్ల నుంచి, ప్రతి డ్రాఫ్టుకు. గోరు పెడితె ఊడుతది, కాయితం చిరగది. చదివినోడు విప్పుతడు. చదవనోనికి అది ఉన్నదనే తెల్వది."

"మూడుసార్లు?" అన్నది పిల్ల.

"మూడుసార్లు అట్లనే వచ్చింది బిడ్డా."

  "ఎందుకు పెడుతరు సార్?" అని నేను అడిగిన.

సారు రేకుకు చుట్టిన దారం సర్దుకుంట అన్నరు. "తెలుసుకుందామని. నేనొక్కన్నే చదువుతున్ననా, ఇంకెవరన్న చదువుతున్నరా అని."

"తెలిసినంక ఎన్నడన్న ఎవలకన్న చెప్పినరా?"

"చెప్తె ఏమైతది? పిల్లల గుండె పగులుతది, గైడుకు కోపమొస్తది. గందుకే చెప్పలే. అది నా తప్పే." ఆయన డ్రాఫ్టును తన దిక్కు జరుపుకున్నరు. "ఇది మాత్రం పెట్టెల వెయ్య."

తెల్లారి ముగ్గురం సిటీకి బస్సెక్కినం. ఎక్కే ముందే సారు నాకు షరతు పెట్టిన్రు. "నువ్వు నోరు తెరిస్తె పిల్ల డిగ్రీ పోతది. పుస్తకం పట్టుకొని నిలబడు, చాలు."

గైడు రూముల కూలరు తిరుగుతున్నది. గోడ నిండ సన్మానాల ఫొటోలు. ఆయన మమ్ముల కూసోమనలేదు.

"ఎవరు మీరు?"

"టైపు కొట్టినోన్ని సార్" అన్నరు సారు. "మూడో అధ్యాయం బలంగ లేదన్నరట. టైపుల తప్పు వోయిందేమో అని భయమై వచ్చిన. ఏ పేజీల సార్?"

"మొత్తం. మొత్తం అధ్యాయమే వీక్."

"అరవై రెండో పేజీల పట్టిక ఉన్నది సార్. దాని మీదనే అధ్యాయమంత నిలబడ్డది. ఆ పట్టికల తప్పున్నదా?"

గైడు విసుగ్గ డ్రాఫ్టు లాక్కొని తిరగేసిండు. అరవై. అరవై ఒకటి. అరవై మూడు. వెనక్కి తిప్పిండు. అరవై ఒకటి. అరవై మూడు. మళ్ళ తిప్పిండు. 

"పేజీ లేదు" అన్నడు. "అసలు పేజీనే పెట్టలేదు నువ్వు. ఇట్లాంటి టైపిస్టులను పట్టుకొని..."

"ఉన్నది సార్."

సారు జేబుల నుంచి ఇనుప రేకు తీసి, పిడి ఆయన దిక్కు తిప్పి, రెండు చేతులతోని పట్టుకున్నరు. "ఇది పెట్టి తియ్యండి సార్. మెల్లగ."

ఆయన ఆ రేకును చూసిండు. అంచును చూసిండు. బంక చుక్కను చూసిండు. ఎనిమిది నెలలు ఏం జేసిండో ముగ్గురు మనుషులకు తెలిసిపోయిందని ఆయన మొఖంల కనవడ్డది. పిల్ల తల వంచుకొని నేలను చూస్తున్నది. సిగ్గువడాల్సినోడు ఎదురుంగ కుర్చీల కూసుంటె, సిగ్గు ఆ పిల్ల పడ్డది. 

ఆయన రేకు తీసుకోలేదు. పెన్ను తీసుకున్నడు. సర్టిఫికెట్ పేజీ తెరిచి సంతకం పెట్టిండు. చదవకుండ ఆపిన మనిషి, చదవకుండనే వదిలిండు. అరవై రెండో పేజీ అప్పుడు కూడ విప్పలేదు. మీకు తెలియాలె అయ్యా, పెద్ద చదువు అనే దాని మీద ముద్ర ఏ చేతులు వేస్తున్నయో మీకు తెలియాలె.

బస్టాపు కాడ నేను ఆపుకోలేకపోయిన. బొటనవేలు అడిగిన గురువు నుంచి మొదలువెట్టి అందరిని తిట్టిన. బస్సు కోసం నిలబడ్డోళ్ళు నా చుట్టు మూగిన్రు. సారు నన్ను ఆపలేదు. అయిపోయినంక చెయ్యి చాపి, "పుస్తకం ఇటియ్యి" అన్నరు. అంచు మీద బొటనవేలు నడిపిచ్చి, "మంచిగనే ఉన్నది" అని తిరిగిచ్చిన్రు. పిల్ల ఆ రోజు మొదటిసారి నవ్వింది.

గడువుకు రెండు రోజుల ముందు థీసిస్ గడప దాటింది. డిగ్రీ వచ్చిన నాడు ఆమె తల్లి గంప దించి మెట్లెక్కి వచ్చి, "సారూ, మా పిల్ల డాక్టరైందట. మరి నాకు జరమొస్తె సూది వెయ్యరాదంటది. ఇదేం డాక్టరు?" అన్నది. సారు నవ్వి, "నీకు కాదమ్మా, చెరువుకు" అన్నరు. ఆమె ఆకులల్ల చుట్టి ఒక కొర్రమీను తెచ్చింది. సారు చేపలు తినరు. నేను శనివారం తినను, ఆ రోజు శనివారం. అది పాన్ డబ్బా ఆయన ఇంటికి పోయింది. ఈ మొత్తం వ్యవహారంల లాభపడ్డది ఆయనొక్కడే.

సారుకు మాత్రం నష్టమే. గైడులు ఒకరికొకరు చెప్పుకున్నరు. మేడ్చల్ పోయి టైపు కొట్టిస్తె సంతకం లేదన్నరట. పీహెచ్‌డీ పిల్లలు రాకుండైన్రు. టైపు మిషన్ల కాలం కూడ అప్పుడే పోయింది. సారు ఒక కంప్యూటర్ కొన్నరు. పిల్లల పక్కన కూసొని నేర్చుకొని పెండ్లి కార్డులు, కిరాయి అగ్రిమెంట్లు కొట్టిన్రు. పెండ్లి కార్డు కూడ చివరిదాక చదివేవారు. "లగ్గం బుధవారం అన్నరు, తేదీ చూస్తె గురువారం వస్తున్నది" అని వెనక్కి పంపేవారు.

తర్వాత దుండిగల్ దిక్కు ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల తీరుగ లేసినయి. పేరు ముందల డాక్టర్ ఉంటె కాలేజీకి ఇజ్జత్ అట. ఒకనాడు టై కట్టుకున్న ఒక లెక్చరర్ వచ్చిండు. చేతిల ఒక జిరాక్స్ కట్ట. అది ఆ పిల్ల థీసిస్సే. ఎక్కడ దొరికిందో.

"సార్, శామీర్‌పేట అని ఉన్నకాడల్ల ఇంకో చెరువు పేరు పెట్టాలె. కంప్యూటర్ల ఒక్క నిమిషం పనే గదా" అన్నడు.

"పేరు మారుస్తె చేపలు కూడ మారుతయా బాబూ?" అన్నరు సారు.

"చేపలను ఎవరు చూస్తరు సార్?"

నేను అక్కడనే ఉన్న. చదవకుండ చదువు కావాలని తపస్సు చేసినోని కథ ఇతిహాసంల ఉన్నది. నది ఒడ్డున ఒక ముసలాయన పిడికెడు పిడికెడు ఇసుక పోసి వంతెన కడుతుంటె, ఇట్ల ఎన్నడైతదని వాడు నవ్వుతడు. నీది కూడ ఇదే పనిరా అని ముసలాయన అంటడు. ఆ కథ చెప్పి, ఆ టై మనిషిని మెట్ల దాక సాగనంపిన. వాడు పోయి ఇంకో షాపుల కొట్టించుకొనే ఉంటడు. ఇప్పుడు డాక్టరే అయ్యుంటడు. ఈ దేశంల నిజంగ ఆగిపోయేది చదివినోళ్ళే.

సారు పోయిన పదో రోజు అమ్మ ట్రంకు పెట్టె బయటికి లాగించింది. ఆ పిల్ల వచ్చింది. పిల్ల అంటున్న గని ఇప్పుడు ఆమె కాలేజీల పాఠం చెప్తది, జుట్టుల అక్కడక్కడ తెలుపు కూడ వచ్చింది. పెట్టెల ఉన్న డ్రాఫ్టులు ఒకటొకటి తీసి అంచులు తడిమింది. అతుక్కునే ఉన్నది. ఇది కూడ. ఇది కూడ. విప్పినవి ఉన్నయి, లేవని అబద్ధం చెప్పను. అవి పక్కన పెడితె చిన్న దొంతరే అయ్యింది. సొరుగుల ఇనుప రేకు దొరికితె, "ఇది నేనుంచుకుంట అమ్మా" అని అడిగి సంచీల వేసుకున్నది. "నా కాడ కూడ ఇద్దరు పీహెచ్‌డీ చేస్తున్నరు. డ్రాఫ్టు చేతికొస్తె ముందు అంచు తడుముత" అన్నది నాతోని.

పదకొండో రోజు డాబా మీద భజన పెట్టినం. టైపు నేర్చుకున్నోళ్ళు, సైకిల్ షాపాయన, పాన్ డబ్బా ఆయన, చేపల గంప తల్లి, అందరు వచ్చిన్రు. సారు పేరు మీద తెల్లజడ కథ చెప్దామనుకున్న. ఎన్నో ఏండ్లు నోటితోనే చెప్పిన. ఈసారి ఆయన కోసం, ఆయన బైండు చేసిన పుస్తకంల నుంచి చదివి వినిపిస్త అని అందరితోని అన్న. అమ్మ ముందు వరుసల, సారు కూసునే కాడ కూసున్నది.

కథ ఉన్న పేజీ తీసిన. చదివిన. కట్టెల మోపు, చిక్కుకున్న జడ, వెండి తీగె. ఏడ్చిండు అన్న మాట కాడ పేజీ అయిపోయింది. తిప్పిన. ముందటి మాటకు, ఈ మాటకు లంకె లేదు. ఇంకెవరో రాజు, ఇంకేవో చెవి కమ్మలు. పేజీ నెంబరు చూసిన. నడుమల రెండు పేజీలు లేవు. వెనక్కి తిప్పిన. మళ్ళ ముందుకు తిప్పిన.

అప్పుడు నా బొటనవేలికి తగిలింది. అంచు కాడ గట్టిగ, చిన్నగ.

పది పన్నెండేండ్లు. ప్రతి శనివారం ఆ పుస్తకం నెత్తి మీదికి ఎత్తి పట్టి, చదవకుండ సంతకాలు పెట్టేటోళ్ళను తిట్టిన. ప్రతి శనివారం ఆయన ముందు వరుసల కూసొని విన్నరు. అయిపోయినంక పుస్తకం తీసుకొని, అంచు తడిమి, మంచిగనే ఉన్నదని తిరిగిచ్చిన్రు. ఒక్కనాడు కూడ నా మొఖం మీద అనలేదు. గైడు మొఖం మీద అన్న మనిషి.

డాబా మీద అందరు ఎదురుచూస్తున్నరు. ఆ పిల్ల నా చేతులను చూసింది, అంచును చూసింది, తల వంచుకొని నేలను చూసింది. ఆ రోజు గైడు రూముల చూసినట్టే. నా తరఫున ఆమె సిగ్గువడ్డది. తర్వాత సంచీల చెయ్యి పెట్టి, ఎర్ర దారం చుట్టిన రేకు తీసి, పిడి నా దిక్కు తిప్పి చాపింది.

"మెల్లగ అన్నా" అన్నది.

నేను తీసుకున్న. విప్పిన. గట్టిగ చదివిన, అక్షరం అక్షరం కూడబలుక్కొని, చిన్నప్పటి లెక్క. గురువు చూడనట్టు పోలేదు. గురువు బిడ్డ వచ్చి ఆ కన్నీళ్ళను దోసిట్ల పట్టింది, చేతులు కాలినయి. గురువు స్వయంగ వచ్చి, ఎందుకేడుస్తున్నవు బిడ్డా అని అడిగిండు. నీ మీద ప్రేమల కాలం పోయింది నాకు తెల్వలేదన్నడు. పొమ్మని సెలవిచ్చిండు. మా అవ్వ ఈ ముచ్చట చెప్పిందో లేదో నాకు యాది లేదు. నేనే చాలా ఏండ్ల కింద, జనం ఊపిరి బిగవట్టిన కాడ ఆపుడు అలవాటు చేసుకున్న.

ఆ పాతకాలపు గురువు ఆలస్యంగనైనా అడిగిండు. శాలువల గురువు అదీ అడగలేదు. ఆయన మీద నా మాట ఒక్కటి కూడ వెనక్కి తీసుకోను. కని ఇప్పుడు ఆ మాట అనెటప్పుడు పుస్తకం ఎత్తి పట్టను. ఒడిల పెట్టుకుంట. ఆ పేజీ మూల మీద ఎండిన బంక ఇంకా ఉన్నది, గోటితోని గీకితె పోతది. గీకలేదు. పుస్తకం తెరిచినప్పుడల్ల నా బొటనవేలు ముందు అక్కడికే పోతున్నది.